చంద్రుడి మన్ను అడిగిన మేడం

మేడం పోయినారని ఆమె శిష్యుడొకాయన బెంగళూరు నుంచి ఫోన్ చేసి చెప్పినాడు. నిద్రలోనే ప్రాణం పోయిందంట. మిషను ఆపించి, పనిలో ఉండే ఆడవాళ్ళను పిలిచి చెప్పినాను. వాళ్ళల్లో గంగక్క కంకర కుప్ప మీదనే కూలబడింది. మేడం చదువు గురించి పెద్దవాళ్ళు ఎవరైనా రాస్తారు. కుందుర్పి దగ్గర క్రషర్ నడుపుకునే నాకు తెలిసిన మేడం గురించి నేను రాస్తాండా.

చంద్రుడి మీది మట్టిలో నుంచి ఆక్సిజన్, ఇనుము తీయవచ్చునా అని ముప్పై ఏండ్లు పరిశోధన చేసిన మనిషి ఆమె. అసలు చంద్రుడి మట్టి చేతికి దొరికేది కాదు కాబట్టి, దాన్ని పోలిన మన్నును మన రాళ్ళతోనే తయారు చేసుకోవాల. దానికి సరిపోయే రాయిని వెతుక్కుంటా మా గుట్టకు వచ్చినారు. మొదటి రోజు జీపు దిగంగానే, ఎవరో తనిఖీకి వచ్చినారనుకొని కాగితాలు ముందర పెట్టినాను. ఆమె వాటిని చూడనే లేదు. బూడిదరంగు రాయి ఒకటి ఏరి, రుమాల్లో మూట కట్టుకొని, దీన్ని పిండి మాదిరి పట్టిస్తావా అప్పా అని అడిగినారు. దేనికి మేడం అంటే చంద్రుడికి అన్నారు. ఎగతాళి చేస్తాండారేమో అనుకున్నా.

మేడం మా జిల్లా శింగనమలలోనే పుట్టి పెరిగినారు. ఎంత చదివినా మన మాట పోలేదు. వచ్చినప్పుడల్లా కుర్చీ వేస్తే కూర్చోరు. గోనెసంచి పరుచుకొని ఆడవాళ్ళ నడుమ కూర్చొని బొరుగుల ఉగ్గాని తినేవాళ్ళు. ఒకసారి గంగక్క, ఆడ చంద్రుడి మీద వానలు పడతాయా మేడమ్మా అని అడిగింది. పడవు అన్నారు. "అయితే ఈడికీ ఆడికీ తేడా ఏముండాది?" అనింది గంగక్క. మేడం కండ్లలో నీళ్ళు వచ్చేదాకా నవ్వినారు. ఆ మాటను పెద్ద పెద్ద సభల్లో కూడా గంగక్క పేరు పెట్టి చెప్పేవాళ్ళంట.

ఆమె అడిగిన పొడి మొదటి లోడు తయారైన రోజు మాత్రం మా ఇద్దరికీ గొడవైంది. పొడిని గాజు పలక మీద చల్లి, భూతద్దంలో నాకు చూపించినారు. చంద్రుడి మీద గాలీ నీళ్ళూ లేవు కాబట్టి మన్ను అంచులు అరగవనీ, గాజుపెంకుల మాదిరి కోస్తాయనీ, తనకు కావాల్సింది అట్లాంటిదేననీ చెప్పినారు. చెప్తా చెప్తా ఆగిపోయినారు. మిషను కాడ గంగక్క కొంగు మూతికి అడ్డం పెట్టుకొని దగ్గుతాంది.

"ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

ఈ పనిలో అది మామూలే అన్నాను.

"దుమ్ముకు తెలీదప్పా, అది చంద్రుడిదో కుందుర్పిదో. ఊపిరితిత్తుల్ని ఒకే మాదిరి కోస్తాది. వీళ్ళకు అడ్డం ఏమీ పెట్టకుండా పట్టిన మన్ను నాకొద్దు."

నాకు కోపం వచ్చింది. తాగే నీళ్ళే ట్యాంకరుతో తెప్పించుకునే ఊర్లో దుమ్ము అణిచేదానికి నీళ్ళు యాడ నుంచి తేవాల అని గట్టిగానే అన్నాను. ఆమె లోడు వదిలేసి, గంగక్కను మాత్రం జీపులో ఎక్కించుకొని పోయినారు. బెంగళూరులో డాక్టరుకు చూపించినారు. లోపల చేరిన దుమ్ము ఇంక పోదు, ఇకమీదట చేరకుండా చూసుకోవాల అని చెప్పినాడంట ఆయన.

మూడు నెలలు మేడం జాడ లేదు. నాకు నిద్ర సరిగా పట్టలేదు. నాలుగో నెలలో శిష్యుల్ని వెంటబెట్టుకొని వచ్చినారు. మిషను చుట్టూ రేకులు బిగించి, దుమ్మును బయటికి రానీకుండా లాగేసే ఫ్యానొకటి అమర్చినారు. చుక్క నీళ్ళు అక్కరలేదు. అందరికీ మాస్కులు ఇచ్చి, కట్టుకునే తీరు తనే నేర్పించినారు. ఆ తర్వాతనే మన్ను పట్టించుకొని పోయినారు. ఆ ఏడు వాళ్ళ ప్రయోగం వెనకబడిందనీ, పైవాళ్ళు మాటలన్నారనీ శిష్యుడు చాన్నాళ్ళకు చెప్పినాడు. ఆమె నోట మాత్రం ఆ సంగతి ఏ రోజూ రాలేదు. గంగక్కను మిషను కాడ నుంచి మార్చి సంచులు కుట్టే పనిలో పెట్టినాను. ఇప్పటికీ ఆ పనే చేస్తాంది.

రెండేండ్ల తర్వాత ఒక పొద్దున ఫోన్ వచ్చింది. "మీ గుట్ట రాయి ఊపిరి ఇచ్చిందప్పా. ఆక్సిజన్ వచ్చింది. మీవాళ్ళకు చెప్పు." ఆడవాళ్ళకు చెప్తే, రాతిలో గాలి ఉండేది నిజమేనా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

రిటైరైనాక ఒకసారి బస్సులో వచ్చినారు. ఎందుకు మేడం ఇంత ఎండలో అంటే, ఇన్నేండ్లూ ఈ మన్నును చేతి తొడుగులతోనే పట్టుకున్నా, ఒకసారి ఒట్టి చేతులతో పట్టుకోవాలనుండాది అన్నారు. మాస్కు కట్టుకొని, పొడి కుప్ప ముందర మోకాళ్ళ మీద కూర్చొని, మోచేతుల దాకా చేతులు దూర్చి చానాసేపు అట్లనే ఉండిపోయినారు. చేతులు కడుక్కోండి అని గంగక్క చెంబు తెచ్చింది. వద్దులే అన్నారు. సాయంత్రం కళ్యాణదుర్గం బస్సు ఎక్కించినాను. బస్సు మలుపు తిరిగేదాకా, కిటికీ కమ్మీని పట్టుకున్న ఆ బూడిదరంగు చేతులు కనపడతానే ఉండినాయి.