చౌడప్ప ఓడెక్కిన శనివారం

పలమనేరు చుట్టుపక్కల పట్టుపురుగులు మేపే రైతుల్ని చౌడప్ప యాడుంటాడని అడిగితే, "ఏ చౌడప్ప?" అంటారు. జపాన్ చౌడప్ప అంటేనే దారి చూపిస్తారు. పట్టు పరిశ్రమ శాఖలో చిన్న ఉద్యోగం ఆయనది. మోపెడ్ మీద ఊరూరూ తిరిగి, పురుగులు మేపే షెడ్డుల్లోకి వెళ్ళి, ఆకు తడిగా వేశారనో, గాలి ఆడడం లేదనో, సున్నం చల్లలేదనో కనీసం మూడు తప్పులు చెప్పనిదే బయటికి వచ్చేవాడు కాదు. తప్పు దొరకని ఇంట్లో ఆయనకు కాఫీ కూడా సయించదని రైతులు చాటుగా నవ్వుకునేవారు.

1998లో శాఖవాళ్ళు ఆయన్నీ, చంద్రగిరిలో అదే ఉద్యోగం చేసే నాగరాజునీ మూడు నెలల శిక్షణ కోసం జపాన్ పంపించారు. నాగరాజు మితభాషి. చౌడప్ప పది మాటలు మాట్లాడితే నాగరాజు ఒకటి మాట్లాడేవాడు. ఆ ఒక్కటీ ముందరి పదింటినీ పడగొట్టేది.

శిక్షణ కేంద్రంలో నెల గడిచేసరికి చౌడప్పకు ఒక కోరిక పుట్టింది. ఓడెక్కి ఏదైనా దీవికి పోవాలి. ఆ కోరిక వెనక ఆయన భార్య వరదమ్మ అన్న ఏకాంబరం ఉన్నాడు. ఏకాంబరం శ్రీహరికోటలో వంటవాడు. పెళ్ళికి వచ్చినా, చావుకు వచ్చినా, "మాది దీవి అబ్బా, యాపక్క జూసినా నీళ్ళే" అని మొదలుపెట్టేవాడు. పలమనేరులో యాపక్క చూసినా టమోటా తోటలే కాబట్టి చౌడప్ప పన్నెండేళ్ళుగా నోరు మూసుకుని వింటూ వచ్చాడు.

"విమానంలో వచ్చినాం గదప్పా, సముద్రం దాటినట్టే" అన్నాడు నాగరాజు.

"అది దాటినట్టు గాదు నాగరాజా. పైన ఎగిరినట్టు. మా బావకాడ చెప్పుకోవాలంటే నీళ్ళమీద పోవాల."

కేంద్రంలో గుమాస్తాగా పనిచేసే అమ్మాయి గోడమీది పటంలో వెతికి, సముద్రంలో ఈగ వాలినట్టున్న ఒక చుక్క మీద వేలు పెట్టింది. ఓడలో నాలుగు గంటల ప్రయాణం. ఎనభై గడప. బస చేయడానికి ఒకే ఒక ఇల్లు. శనివారం పొద్దున పోతే ఆదివారం సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ దీవి పేరు చౌడప్పకు ఈనాటికీ నోరు తిరగదు.

జూన్ నెల మొదటి శనివారం ఇద్దరూ ఓడెక్కారు. మొదటి పావుగంట చౌడప్ప ముందుభాగాన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నాగరాజు చేత ఫోటో కూడా తీయించుకున్నాడు. రేవు దాటి అలలు మొదలయ్యాక ఆ నిలబడిన మనిషి కూర్చున్నాడు, కూర్చున్న మనిషి పడుకున్నాడు. నాగరాజు పక్కనే కూర్చుని వేయించిన చెనిక్కాయలు ఒక్కొక్కటే ఒలుచుకుని తింటున్నాడు.

"ఇంగెంతసేపప్పా?" అన్నాడు చౌడప్ప కళ్ళు మూసుకునే.

"మూడున్నర గంట."

"నా పెండ్లాం బిడ్డలకు చెప్పు..."

"ఏం చెప్పాల?"

చెప్పడానికి చౌడప్ప నోరు తెరిచాడు గానీ, తెరిచిన నోరు వేరే పనికి ఉపయోగపడింది. పక్కనున్న జపాన్ ముసలాయన ఒక ప్లాస్టిక్ సంచి అందించాడు. ఆ సంచికి వంగి వంగి దండం పెట్టిన సంగతి చౌడప్ప ఎవరికీ చెప్పలేదు. నాగరాజు అందరికీ చెప్పాడు.

రేవులో వాళ్ళ కోసం ఒక అవ్వ ఎదురుచూస్తోంది. డెబ్బై అయిదేళ్ళుంటాయి. నడుం వంగింది గానీ నడకలో వేగం తగ్గలేదు. బస ఆమె ఇల్లే. వీళ్ళ సంచులు లాక్కుని తోపుడుబండిలో వేసుకుని ముందు నడిచింది. వెనకాల చౌడప్ప నేల ఇంకా కదులుతోందన్నట్టు అడుగు తీసి అడుగు వేస్తున్నాడు.

ఇల్లు చేరిన కాసేపటికి అవ్వ భోజనం పెట్టింది. పొద్దున పట్టిన చేపలు, మూడు రకాలుగా. చౌడప్ప చేపంటే ప్రాణం పెట్టే మనిషి. చెయ్యి చాపి, ఠక్కున ఆగిపోయాడు.

"నాగరాజా, ఈ పొద్దు శనివారం గదా!"

ఇంట్లో తాతల కాలం నుంచీ శనివారం నీసు ముట్టరు. కొండమీది స్వామి ఇక్కడికి చాలా దూరం అని నాగరాజు అన్నాడు గానీ, తను కూడా చెయ్యి వెనక్కే తీసుకున్నాడు. ఈ సంగతి అవ్వకు చెప్పడమెట్లా? చౌడప్ప చేపను చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. పైకి చూపించి దండం పెట్టాడు. ఆమెకు అర్థం కాలేదని తెలిసి, వేలితో నుదుటిమీద నిలువుగా నామం గీసి చూపించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

అవ్వ ముఖం జాలితో నిండిపోయింది. లోపలికి పరుగెత్తి, ఘాటైన మందుపట్టీ తెచ్చి, చౌడప్ప నుదుటికి అడ్డంగా అంటించి, రెండు చేతులతో గట్టిగా అదిమింది.

"నామం నిలువు కదప్పా, ఈమె అడ్డంగా పెట్టింది" అన్నాడు నాగరాజు.

ఆ పట్టీతోనే చౌడప్ప అన్నం తిన్నాడు. వరదమ్మ కట్టిచ్చిన పప్పుల పొడి సంచిలో ఉండబట్టి సరిపోయింది. అవ్వ కూడా చిటికెడు నోట్లో వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపింది.

ఆదివారం పొద్దున స్తంభానికి కట్టిన మైకులో ఏదో చెప్పారు. అవ్వ చేతులతో పెద్ద పెద్ద అలలు గీసి, ఓడను తలకిందులు చేసి చూపించింది. క్యాలెండరులో మంగళవారం గడి మీద వేలు పెట్టింది. అప్పటిదాకా ఓడ రాదు. సోమవారం క్లాసుకు పోకపోతే ఇంటికి పంపించేస్తారని, పేపర్లో వేస్తారని, ఏకాంబరం బావ ఆ పేపరు చదువుతాడని చౌడప్ప వరసగా ఊహించుకుంటూ పోయాడు. నాగరాజు అవ్వ ఫోన్‌లోంచి కేంద్రానికి ఫోన్ చేసి వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాడు.

"ఏమన్నారు?"

"సముద్రాన్ని ఎవరేం చెయ్యగలరు, జాగర్తగా రండి అన్నారు."

"నన్ను గురించి ఏమీ అనలేదా?"

"నీ పేరే ఎత్తలేదప్పా."

ఆ జవాబుతో ఊరట కలగాలో, చిన్నబుచ్చుకోవాలో తెలియక చౌడప్ప పెరట్లోకి నడిచాడు. అక్కడ గోడవారగా రెండు నిలువుల ఎత్తు పెరిగిపోయిన చెట్టును చూసి నిలబడిపోయాడు.

"నాగరాజా! ఇట్రా! ఇది మన మల్బరీ గదప్పా!"

అందులోనూ ఏళ్ళ తరబడి కత్తి తగలని మల్బరీ. చౌడప్పలోని ఉద్యోగి మేల్కొన్నాడు. వెనకే వచ్చిన అవ్వకు తెలుగులోనే చీవాట్లు మొదలుపెట్టాడు. "ఏమవ్వా, కొమ్మలు కొట్టకుండా ఇట్లా వదిలేస్తే ఆకు యాడ వస్తాది? చెట్టు పెంచినావా, అడివి పెంచినావా?"

అవ్వ చీవాట్లన్నీ ఓపిగ్గా విని, ఆయన మణికట్టు పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి, నిచ్చెనలాంటి మెట్లమీదుగా అటకమీదికి ఎక్కించింది. అక్కడ వెదురు తట్టలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. పట్టుపురుగులు మేపే తట్టలు. అంచులు వేళ్ళు తగిలి తగిలి నున్నగా అరిగిపోయాయి. అవ్వ ఒక తట్టను కిందికి దించి, దుమ్ము తుడిచి, కళ్ళు మూసుకుంది. పది వేళ్ళ గోళ్ళతో వెదురుమీద మెల్లగా, ఎడతెగకుండా చప్పుడు చేయసాగింది.

చౌడప్ప ఆ చప్పుడును వెంటనే గుర్తుపట్టాడు. నాలుగో జ్వరం లేచాక, అంటే నాలుగోసారి కుబుసం విడిచాక, పురుగులు ఆకలిమీద ఆకు తినే చప్పుడు అది. చిన్నప్పుడు ఒకే గది ఇంట్లో పై తట్టల్లో పురుగులుంటే, కింద చాపమీద తనూ చెల్లెళ్ళూ పడుకునేవాళ్ళు. వాళ్ళమ్మ గంటగంటకూ లేచి, పిల్లల్ని దాటుకుంటూ ఆకు వేసేది. పురుగులు బాగున్నాయో లేదో ఆమె చూసి కాదు, విని చెప్పేది. ఆమె పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో వందల షెడ్డులు తిరిగిన మనిషికి, తన గొంతు వినడమే తప్ప ఆ చప్పుడు విన్న గుర్తు లేదు.

ఆయన తట్ట పక్కనే చతికిలబడి వాళ్ళమ్మ సంగతి అంతా చెప్పాడు. అవ్వ మధ్యమధ్యలో తలూపుతూ, తన సంగతేదో తనూ చెప్పింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

కిందికి దిగాక నాగరాజు అన్నాడు. "అవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదప్పా."

"నాకు మాత్రం ఆమెది అర్థమయిందా?" అన్నాడు చౌడప్ప.

సోమవారమంతా ఇద్దరూ రంపం పట్టి ఆ మల్బరీని మనిషెత్తుకు కొట్టారు. దీవిలో సగంమంది వచ్చి చుట్టూ కూర్చున్నారు. చౌడప్ప ప్రతి కొమ్మకూ ముందు ఉపన్యాసం ఇచ్చి, తర్వాత కోశాడు. జనం ప్రతి ఉపన్యాసానికీ చప్పట్లు కొట్టారు. అంత బుద్ధిగా వినే రైతులు చిత్తూరు జిల్లాలో ఆయనకు ఎన్నడూ దొరకలేదు. మంగళవారం ఓడ కదిలేటప్పుడు అవ్వ రేవు చివరిదాకా వచ్చి నిలబడింది. ఆమె కనుమరుగయ్యేదాకా చౌడప్ప కూర్చోలేదు. ఆ తర్వాత పడుకున్నాడు.

శిక్షణ ముగించుకుని ఇంటికొచ్చిన వారానికి ఏకాంబరం చూడ్డానికి వచ్చాడు. అంతా విని, "ఆ దీవికి బస్సు పోతాదా?" అన్నాడు.

"బస్సు ఎట్లా పోతాది బావా, సముద్రంలో?"

"మా దీవికి పోతాది" అన్నాడు ఏకాంబరం, కాఫీ తాగుతూ.

వేరే రోజైతే చౌడప్ప యుద్ధానికి దిగేవాడే. ఆ రోజు మాత్రం, "అదొద్దులే బావా, అవ్వ సంగతి చెప్తాను విను" అని మొదలుపెట్టాడు. వరదమ్మ వంటింటి గడపలో నిలబడి మొగుడి ముఖం కేసి వింతగా చూసింది.

ఆ తర్వాత పదేళ్ళు ఉద్యోగం చేశాడు. తప్పులు చెప్పడం మానలేదు, కానీ షెడ్డులోకి పోగానే ముందు తట్టల దగ్గర చెవి పెట్టి పురుగుల చప్పుడు వినేవాడు. ఇంట్లో ముసలమ్మ ఉంటే ముందు ఆమెను పిలిచి, "ఎట్లుండాయమ్మా పురుగులు?" అని అడిగేవాడు. జపాన్లో ఏమి నేర్పినారో గానీ మనిషికి వినడం నేర్పినారని కుప్పయ్య అనే రైతు ఊరంతా చెప్పాడు.

రిటైరయ్యాక వరదమ్మ పట్టుబట్టింది. "యోవ్, నన్ను గూడా ఒక దీవికి తీసకపో." చౌడప్ప బాగా ఆలోచించి, రైల్లో పోదగిన దీవి రామేశ్వరం ఒక్కటే ఉందని తేల్చాడు. రైలు సముద్రం మీది వంతెన ఎక్కగానే ఆయన కిటికీ దగ్గర్నుంచి లేచి, నడవ వైపు సీటులో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. వరదమ్మ మాత్రం కిటికీ ఊచలకు ముఖం ఆనించి, వంతెన దాటేదాకా రెప్ప వేయలేదు. పడవలు లెక్కపెట్టింది, పక్షులు లెక్కపెట్టింది, కింద నీళ్ళ రంగు మారిన ప్రతిసారీ మొగుడికి చెప్పింది. కళ్ళు తెరవకుండానే చౌడప్ప అన్నింటికీ ఊఁ కొట్టాడు.