నెంగాకు తెలిసిన రొద

ఆ మధ్యాహ్నం నెంగా మొక్కజొన్న చేలో కోతులను బెదరగొట్టడానికి కొత్త రేకు డబ్బా కట్టాడు. తాడు లాగి దాన్ని గడగడలాడించాడు. పుట్టు చెవిటివాడు కదా, గుంజకు అరచేయి ఆనించి మోగుతోందో లేదో చూసుకున్నాడు. తృప్తిగా నవ్వుకుని ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి చాప మీద నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు.

అయినా అతని అక్క సార్మికి తమ్ముడు అనగానే ముందు గుర్తొచ్చేది ఆ చాప కాదు, పీపా తగాదా. గుర్తొచ్చిందంటే నవ్వు ఆగదు.

బాలి కొండల్లోని ఆ ఊళ్ళో చెవిటివాళ్ళు చాలామందే. అందుకే చెవులు వినబడేవాళ్ళు కూడా చేతులతోనే మాట్లాడతారు. పంది బేరమాడినా, వదినను ఏడిపించినా చేతులే. ఊరంతా నోరు మెదపని న్యెపి పండగకు ముందు సాయంత్రం మాత్రం భూతాలను తరమడానికి ఊరంతా గిన్నెలూ డబ్బాలూ బాదుతుంది. ఆ ఊరేగింపులో నెంగాది నూనె పీపా. తగాదా వచ్చిన ఏడు సాధన మరీ ముందే మొదలెట్టాడు, అదీ రోజూ తెల్లవారుతూనే.

వాడ పెద్ద గెడె సుతమ బొజ్జ ఊపుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"సార్మీ, నీ తమ్ముడికి 'ఉయుత్' అంటే ఏంటో చెప్పు. చెవులు చిల్లులు పడే రొద! అది వాడికి అర్థమయ్యేదాకా పీపా ముట్టకూడదు, ఊరేగింపులోకీ రాకూడదు."

"వాడికి చెవుల్లేవు కదా మామా!"

"నాకున్నాయిగా తల్లీ! నా పెట్టలకీ ఉన్నాయి. గుడ్లు పెట్టడం మానేశాయి!"

ఏడాదంతా నెంగా ఎదురుచూసేది ఆ ఒక్క సాయంత్రం కోసమే. సార్మి నడుం బిగించింది. ముందు ఊరందరి సైగే చేసింది: రెండు చెవులూ మూసుకుని మొహం చిట్లించింది.

"చెవిపోటా? ఆకు పసరు పోసుకో," అన్నాయి నెంగా చేతులు.

అతని నోట్లో పచ్చిమిరపకాయ కుక్కింది, ఇలా మండుతుందని. అతను నమిలి, అన్నం కూడా పెట్టమన్నాడు. కొబ్బరిచిప్పతో వీపు గీకింది, ఇలా గరగరలాడుతుందని. "హాయిగా ఉంది, ఇంకాస్త కిందికి," అన్నాడు.

గోడమీద చేరిన జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నెంగా నేస్తం సుకెస్తి, ఆమె కూడా చెవిటిదే, "పందిచేత తొక్కించు, తెలుస్తుంది," అని సైగ చేసింది.

సార్మికి తిక్క రేగింది. "ఒరే మొద్దూ! నిన్ను రానివ్వరట్రా! పీపా లాక్కుంటారట్రా!" అని నోటితో అరుస్తూ, చేతులతో చెబుతూ భోరుమంది.

నెంగా నవ్వు ఆపాడు. అక్క కన్నీళ్ళు తుడిచాడు. తర్వాత రెండు పిడికిళ్ళూ తన పక్కటెముకలకు ఆనించి గజగజ ఊపాడు.

"ఇదేనా? లోపల కప్పలు గెంతుతాయే, అది?"

"అదే! అదేరా!"

"అది వాళ్ళకు నొప్పా?" నమ్మలేనట్టు గోడమీది వాళ్ళందరినీ చూశాడు. "నాకు పండగే. సరే పాపం, పొద్దున్న వాయించనులే. సాయంత్రం మాత్రం వదలను."

సుతమ పిడికిళ్ళు తన పక్కలకు ఆనించి ఊపి చూశాడు. ముందు బొజ్జే ఊగింది. గోడమీది వాళ్ళు నవ్వలేక కిందికి జారారు. ఊరేగింపు సాయంత్రం నెంగా పీపా దెబ్బకు భూతాలు సముద్రం దాకా పరిగెత్తి ఉంటాయి.

అప్పటినుంచి ఆ ఊళ్ళో రొద అంటే ఎవరూ చెవులు మూసుకోరు. పిడికిళ్ళు పక్కటెముకల మీద ఊపి నవ్వుతారు. పీపా బాదీ బాదీ నెంగా ఆ సైగ పుట్టించాడనీ, దాన్ని రొదకు ముడిపెట్టింది తానేననీ సార్మి గర్వపడేది.

నెంగా దహనం నాడు గంటల మేళం ముందు నడుస్తుంటే చెవిటివాళ్ళంతా ఆ సైగే చేశారు. సార్మి ఏడుస్తూ, "నా తమ్ముడు పీపా దగ్గర నేర్చిన మాట," అని చేతులతో అంది.

సుకెస్తి అడ్డంగా తల ఊపింది. "పీపా ముట్టకముందే వాడికా సైగ ఉంది. చిన్నప్పుడు వాణ్ణి వీపున కట్టుకుని వీధి వీధంతటితో పోట్లాడేదానివట కదా. నీ అరుపులు వాడి రొమ్ములోకి వచ్చేవట. అందుకే మా చెవిటివాళ్ళం మాలో మేము నిన్ను పిలిచేది ఆ సైగతోనే."