చీమలు పట్టిన ఫోటో

నిజామాబాదులో దేవిదాస్ చేతికి చిక్కిన నల్లవాడెవడూ తెల్లబడకుండా ఇంటికి పోలేదు. బాపురావు సేటు ఫోటో స్టూడియోలో అతనిది పోయినవాళ్ల ఫోటోల పని. పెద్దది చేయించిన ఫోటో మీద గాలిబ్రష్‌తో రంగు చల్లేవాడు. గాలేమో లారీ ట్యూబులోంచి వచ్చేది. అది బుసకొడితే బజారు కుక్కలు పక్క ఊరు వర్ని దాకా పరుగెత్తేవట.

కిటుకంతా రంగు పలచన చేయడంలోనే ఉంది. గిన్నె అంచుకు పూస్తే పాలలా జారాలి. చిక్కగా ఉంటే బ్రష్ సూదిమొన మూసుకుపోయి, ముఖానికి అమ్మవారు పోసినట్టు చుక్కలు పడతాయి. మరీ నీళ్లయితే కాగితం మీద నిలవదు. నిలవడానికి తుమ్మబంక కలిపేవాడు.

అరవై ఆరులో, ముసురు పట్టిన రోజున, ఆ బంక కాస్తా అయిపోయింది. ఫోటో చేయమని ఇచ్చిపోయిన హన్మవ్వకు మర్నాడే పెనిమిటి దినాలు. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్ పక్కన ఉండి చక్కెరకు కరువా? దేవిదాస్ రంగులో ఇంత పాకం పోశాడు. పోయినవాడి ముఖం పెళ్లికొడుకులా నిగనిగలాడింది.

వారం తిరక్కుండానే హన్మవ్వ ఆ ఫోటోను కొంగులో చుట్టుకుని వచ్చింది. వెనకే మరిది కాశయ్య. ఫోటోలో కుడి బుగ్గ లేదు. మిగతా ముఖం మీద జాతరకొచ్చినన్ని చీమలు.

"సూడు దేవిదాసన్నా" అన్నాడు కాశయ్య. "మా అన్నకు శాంతి లేదు. గీమె ఏదో తప్పు జేసింది, గందుకే చీమలు వట్టినయి. ఊరంత గదే అంటున్నరు. ఇగ మా ఇంట్ల ఉండద్దని చెప్పిన."

"నేనేం జేసిన అన్నా" అంది హన్మవ్వ. "దినాలు మంచిగనే జేస్తి గద."

లోపల సేటు వింటున్నాడు. చక్కెర సంగతి బయటపడితే పోయినవాళ్ల ఫోటో ఇంకొకటి ఈ గడప తొక్కదు. ఊరుకుంటే ఈమె వీధిన పడుతుంది. దేవిదాస్ ఫోటోను కాశయ్య ముందుకు జరిపాడు.

"కాశయ్యా, జెర నాకి సూడు."

"మా అన్న మొకమా? బుద్ధుందా నీకు."

"మొకం వద్దు తియ్. అంగి మీద వేలు రుద్దు."

కాశయ్య వేలు తడి చేసి, ఫోటోలోని అంగి మీద రుద్ది, నాలుకకు తాకించాడు. నమ్మక మళ్లీ రుద్దాడు.

"తియ్యగుందేంది?"

"రంగుల చక్కెర వోసిన. తప్పు నాది. మీ వదినెది గాదు."

కాశయ్యకు ఆమె వైపు చూడటానికి ముఖం చెల్లలేదు.

"పా వదినె, ఇంటికి పోదం" అన్నాడు గోడతో.

బాపురావు బయటికొచ్చి, దేవిదాస్ చేతిలోని గాలిబ్రష్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"రేపటి సంది రాకు" అన్నాడు.

హన్మవ్వ గడప దాటబోతూ ఆగింది. "మల్లెప్పుడు చేసిస్తవన్నా?"

"రెండొద్దులాగి రా అవ్వా" అన్నాడు దేవిదాస్. ఎక్కడికి రావాలో చెప్పలేదు.