ఇన్‌స్పెక్టర్ని నిద్రపుచ్చిన పరుపు

మొన్న మా అంగడికి లోను ఇన్‌స్పెక్టరు వచ్చినాడు గదా, ఏం జరిగిందో వినండి! నా పనితనమే నా కొంప ముంచింది. నవ్వితే నవ్వినారు గానీ, టీ ఒలకబోసుకోబాకండి.

నాకు దూదేకే మిషన్ కావాల. కావలి స్టేషన్ కాడ కొత్త లాడ్జి కట్టినారే, ఆ పరుపులన్నీ నన్నే కుట్టమన్నారు. చేత్తో విల్లు మీటి దూది ఏకతా కూర్చుంటే అది ఎప్పటికి తెమిలేను? ఆలస్యమైతే ఆర్డరు మద్రాసోళ్లకి పోతుంది. బ్యాంకుకి పోతే పొలముందా అంటారు. మా దూదేకులోళ్లకి పొలమెక్కడిది? ఉండేది విల్లొకటే. అయినా నేను వదిలే రకమా! చేతిపనోళ్లకి గవర్నమెంటు లోను ఇస్తుందని తెలిసి, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఇన్‌స్పెక్టర్ని నెల్లూరు నించి రప్పించినా.

"ఏమయ్యా, ఆయన ముందర కష్టాలు చెప్పుకో. గొప్పలు పోబాక," అని మా ఇంటామె బీబీ ముందే చెప్పింది.

"నాకు నువ్వు నేర్పిస్తావా?" అన్నా.

ఇన్‌స్పెక్టరు హోటల్లో ఫుల్లుగా భోంచేసి ఎండన పడి వచ్చినాడు. కష్టాలన్నీ బాగానే చెప్పినా. భుజం నొప్పి చూపించినా, ఏకాల్సిన దూది కుప్ప చూపించినా. పాపం, ఆయన తల కూడా ఊపినాడు. ఇంక సంతకమే తరువాయి. అంతలో, అంగట్లో పరిచిన పరుపొకటి చూసి, "ఈ పరుపు నువ్వు చేసిందేనా?" అని అడిగినాడు. అంతే, పొంగిపోయినా!

మా తాత కాలం నించి మాకొక పద్ధతి. పరుపు సంగతి అడిగినోణ్ణి దాని మీద పడుకోబెట్టందే పంపించం. "పడుకోని చూడండి సార్, అయిదు నిమిషాలు!" అన్నా. వద్దు వద్దంటానే చెప్పులిడిచినాడు. తల ఆనించినాడో లేదో, గురక!

"లేపయ్యా ఆయన్ని!" అని బీబీ మొత్తుకుంటా ఉంది.

"మన పరుపు మీద నిద్రపోయేవాణ్ణి లేపడమా? మర్యాదేనా?" అన్నా. పైగా వీధిలో పోయేవాళ్లని పిలిచి మరీ చూపించినా.

సాయంత్రం రైలు కూత పెడితే గానీ లేవలేదు. ఒళ్లు విరుచుకోని, "మస్తాన్ సాయిబూ, ఇట్టాంటి నిద్ర పట్టి ఏండ్లయిందయ్యా! చేత్తో ఏకితేనే ఇంత హాయిగా ఉంటే నీకు మిషనెందుకు? ఉన్న పని చెడగొట్టుకోబాక," అని లోను అక్కర్లేదని రాసేసినాడు. నేను కాళ్లా వేళ్లా పడినా. వింటేనా! పోతా పోతా, "మా ఇంటికి రెండు పరుపులు చెయ్యి. చేత్తో ఏకినవే సుమా!" అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అయితే మాత్రం ఊరుకుంటానా? లాడ్జాయన్ని బతిమాలి కొంచెం ఆగమన్నా. మళ్లా అర్జీ పెట్టినా. ఈ తూరి వేరే ఇన్‌స్పెక్టరు వస్తాడంట. లోను ఖాయం, రాసి పెట్టుకోండి! ఎందుకంటారా? పరుపులన్నీ పక్కింట్లో పడేసి తాళం వేస్తానంటా ఉంది బీబీ. వాటితో పాటు నన్ను గూడా.