బూజు మేడమ్ లెక్క

మా పిన్నికి ఆఫీసులో ‘బూజు మేడమ్’ అని పేరు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు కాని, ఆమె కారిడార్‌లో నడిచి వెళ్తుంటే వెనకనుంచి ఆ మాట వినబడేది. ఆమెకూ తెలుసు. “పోనీలే, నా పుణ్యమా అని ఆ మాటైనా ఈ గోడల మధ్య వినబడుతోంది” అనేది విసురుగా.

ఆమె చేసే పని ఏమిటో చెబితే కొంతమంది రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. దేశంలో ఎవరు పోయినా, ఎందుకు పోయారో డాక్టరు రాసిన కాగితం చివరికి ఆ ఆఫీసుకు చేరుతుంది. పిన్నీ, ఆమె తోటివాళ్ళూ ఆ కాగితాలు చదివి, ఒక్కో జబ్బుకు ఉన్న నంబరును కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఏడాది చివర అన్నీ కూడితే దేశం దేనివల్ల చస్తోందో తేలాలి. “తేలేది ఒక్కటే, మన డాక్టర్లకు తీరిక లేదని” అనేది పిన్ని.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టేది. “ఇవాళ మళ్ళీ అదే గోల. ‘గుండె ఆగి మరణం’, ‘గుండె ఆగి మరణం’. గుండె ఆగకుండా ఎవడైనా పోతాడా? ఎందుకు ఆగిందయ్యా అని కదా నేను అడుగుతున్నది! బస్సెందుకు ఆగిందంటే చక్రాలు తిరగడం లేదు కాబట్టి అన్నట్టుంది.”

బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పెదాల మధ్య స్క్రూ పట్టుకుని “ఊఁ” అనేవాడు. ఆ “ఊఁ”కి కూడా పిన్నికి చిరాకే.

ఈ బూజు గొడవ ఎప్పుడు మొదలైందంటే, ఒక ఏడాది లెక్కలన్నీ ముగించి చూసుకుంటున్నప్పుడు. ఫంగస్ జబ్బులతో పోయినవాళ్ళు దేశం మొత్తానికీ కలిపి ఒక్క బస్సులో పడతారని తేలింది. “అందులోనూ వెనక సీట్లు ఖాళీ!” అంది పిన్ని. కాలేజీలో చదివింది వృక్షశాస్త్రం. ఫంగస్ సంగతి ఆమెకు బాగానే తెలుసు. గాలిలో ఎక్కడ చూసినా దాని పొడి ఉంటుంది, గట్టిగా ఉన్నవాణ్ణి ఏమీ చెయ్యదు. పాతజబ్బుతో ఊపిరితిత్తులు చెడినవాళ్ళు, కాన్సరుకు మందులు వాడేవాళ్ళు, ఒంట్లో సత్తువ ఉడిగినవాళ్ళు దొరికితే మాత్రం లోపలికి దూరి కాపురం పెట్టేస్తుంది. తీరా మనిషి పోయాక, ముందునుంచీ ఉన్న జబ్బు పేరే కాగితమ్మీద పడుతుంది.

“ఇల్లు దోచినవాడు దర్జాగా వెళ్ళిపోతాడు, తలుపు గడియ ఊడగొట్టినవాడి మీద కేసు రాస్తారు” అని ఆమె వాదన.

ఆ మాటే వెళ్ళి పెద్దాఫీసరుతో అంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “తక్కువ మంది పోతే సంతోషించాలి కదమ్మా. మీకేమిటి బాధ?” అన్నాడు.

పిన్ని ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇలా బయట గెలవలేని యుద్ధం ఇంట్లో మొదలైంది. ఎవరు దగ్గినా పిన్ని చెవులు రిక్కించేది. బాబాయికి ఓసారి నెలరోజులపాటు పొడిదగ్గు పట్టుకుంది. వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళి, స్కాన్ తీయించి, రక్తం పరీక్షలు చేయించింది. డాక్టరు అన్నీ చూసి, “ఏం లేదమ్మా, కొత్త తలగడ పడలేదు, మార్చండి” అన్నాడు. ఇంకేముంది, చుట్టాలందరికీ పండగైపోయింది. ఎవరింటికి వెళ్ళినా, “ఏమ్మా, మీ ఆయనకు బూజు దులిపించావట” అని ఒకటే నవ్వు. బాబాయి కూడా వాళ్ళతో చేరి నవ్వాడు. పిన్ని మూతి బిగించుకుని, ఇక ఎవరి దగ్గు జోలికీ పోనని ఒట్టు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆమె మరిదికి దగ్గు మొదలైంది.

మరిది వడ్రంగి. బీరువాలు, తలుపులు చేసేవాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో ఎకసెక్కం ఉంది. కుర్రతనంలో టీబీ వచ్చి, మందులు మింగి బాగుపడ్డాడు. ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ దగ్గు, ఆయాసం, అప్పుడప్పుడు కళ్ళెలో నెత్తురు జీర. వీధి చివర డాక్టరు, “పాత టీబీ తిరగబెట్టింది” అని ఆ మందులే మళ్ళీ రాశాడు. కళ్ళె పరీక్షలో టీబీ క్రిమి కనబడలేదు. అయినా మందులు ఆపలేదు.

పిన్ని ఉండబట్టలేక ఒకసారి మెల్లగా అంది. “ఒక రక్తం పరీక్ష ఉందయ్యా, అది కూడా చేయించరాదూ?”

“ఏం పరీక్ష వదినా?”

“ఫంగస్‌ది.”

అతను పగలబడి నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. “నీకు లోకమంతా బూజులాగే కనబడుతుంది వదినా! అన్నయ్యకు చేసినట్టు నాకూ తలగడ మార్పిస్తావా?”

పిన్ని ఇంకోసారి అడగలేదు.

నెలలు గడిచాయి. మనిషి సగమయ్యాడు. పట్టుమని పది మేకులు కొట్టకుండానే కూలబడిపోతున్నాడని తోడికోడలు ఏడుస్తూ ఫోన్ చేసింది. పెద్దాస్పత్రిలో చేర్చారు. స్కాన్‌లో ఊపిరితిత్తిలో పాత టీబీ మిగిల్చిన గుంత, అందులో ఉండలా ఒక ముద్ద కనబడ్డాయి. రక్తాన్ని బయటి లాబ్‌కు పంపితే ఫంగస్ అని తేలింది. అప్పుడు మొదలుపెట్టారు అసలు మందు.

పిన్ని రోజూ ఆఫీసునుంచి నేరుగా వార్డుకు వెళ్ళేది. ఆమెను చూడగానే అతను దండం పెట్టేవాడు, అది వెటకారమో నిజమో తెలిసేది కాదు. “నువ్వే గెలిచావు వదినా. బతుకంతా చెక్కకు బూజు పట్టకుండా వార్నిష్ వేశాను, లోపల ఒక పూత వేసుకోవడం మరిచిపోయాను.”

“నోర్మూసుకుని మాత్ర మింగు” అనేది పిన్ని.

మాత్రలు పనిచెయ్యడానికి నెలలు పడుతుందన్నారు. అతనికి అంత వ్యవధి లేకపోయింది. ఒక ఉదయం టిఫిన్ తింటూ దగ్గాడు. ఆ దగ్గుతో వచ్చిన నెత్తురు ఎవరు ఎంత చేసినా ఆగలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళు, “ఎలా పోయాడు?” అని అడిగేవారు. “ఊపిరితిత్తుల్లో ఫంగస్” అనేది పిన్ని. “అంటే?” “బూజు.” అవతలివాళ్ళ ముఖంలో దుఃఖం ఆగిపోయి అనుమానం కనబడేది. బూజుతో మనిషి పోతాడా? ఒక పెద్దాయన బాబాయిని పక్కకు పిలిచి, “నిజం చెప్పరా, తాగేవాడా?” అని అడిగాడు. పిన్నికి వినబడింది. “టీ తాగేవాడండీ, మీలాగే!” అని గట్టిగా అరిచింది. వరండాలో ఉన్న అందరూ తలలు తిప్పి చూశారు.

అసలు మంట ఇంకా ముందుంది. మరణ ధ్రువపత్రం చేతికొచ్చింది. అందులో ‘గుండె, ఊపిరి ఆగిపోవడం, పాత టీబీ’ అని ఉంది. తోడికోడలికి ఆ ముక్కల మీద ధ్యాసే లేదు. పిన్ని మాత్రం దాన్ని సంచీలో పెట్టుకుని తిన్నగా ఆస్పత్రికి నడిచింది.

రాసిన డాక్టరు చిన్నవాడే. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక చేత్తో బిస్కెట్ తింటూ, ఇంకో చేత్తో ఏదో రాస్తున్నాడు.

“బాబూ, మీరే కదా ఆయనకు ఫంగస్ మందులిచ్చింది?”

“అవునండీ.”

“మరి ఇందులో ఆ మాటేదీ?”

అతను చూసి నిట్టూర్చాడు. “ఏది రాస్తే ఏముంది మేడమ్? ఆయన తిరిగొస్తారా?”

“ఆయన రాడు. ఇదే దగ్గుతో ఇంకొకడు వస్తాడు. వాడికీ పాత టీబీ అని మందులిస్తూ కూర్చుంటారా?”

డాక్టరు బిస్కెట్ పక్కన పెట్టేశాడు. “మేడమ్, మీకు కోపం వస్తే రానివ్వండి. నాకు మీకంటే ఎక్కువ వస్తోంది. ఆ రక్తం పరీక్ష మా దగ్గర లేదు. బయటికి పంపితే ఫలితం ఎప్పటికో వస్తుంది. పరీక్ష ఇక్కడే పెట్టండి అని అడిగితే, ఈ జబ్బుతో పోయేవాళ్ళు ఎందరున్నారు, లెక్క చూపించు అంటారు. దేశం లెక్క చూస్తే ఎవరూ పోవడం లేదు!”

“మీరు రాయకపోతే లెక్క ఎక్కడినుంచి వస్తుంది నాయనా?”

“రాస్తే మాత్రం ఎవరు చదువుతారు?”

“నేను చదువుతాను” అంది పిన్ని. “ఇరవై ఏళ్ళనుంచీ మీ డాక్టర్లు రాసిందల్లా చదువుతున్నది నేనే.”

అతను కుర్చీ లాగి కూర్చోమన్నాడు. సవరణకు వేరే కాగితం, దానిమీద పైడాక్టరు సంతకం, ఆయన సెలవులో ఉన్నాడని ఇంకోరోజు రమ్మనడం. పిన్ని అన్నిసార్లూ వెళ్ళింది. చివరికి ‘ఊపిరితిత్తుల ఫంగస్ జబ్బు’ అని పైన, ‘తోడ్పడినది పాత టీబీ’ అని కింద రాయించింది.

ఆ కాగితం కొన్నాళ్ళకు మిగతా వాటితో కలిసి ఆమె బల్లమీదికే వచ్చింది. నంబరు ఎక్కించి, నీళ్ళు తాగి, తరవాతి కాగితం తీసిందట.

ఆ డాక్టరు పట్టుదల గలవాడు. తన వార్డులో, పక్క వార్డుల్లో రాయించడం మొదలుపెట్టాడు. స్నేహితులున్న ఆస్పత్రులకూ చెప్పాడు. ఏడాది తిరిగేసరికి బస్సు నిండిపోయి, ఇంకో బస్సు కావలసి వచ్చింది. పెద్దాఫీసరు కబురు పంపాడు.

“ఏమిటమ్మా ఇది? ఒక్క ఏడాదిలో ఇన్ని పెరిగాయి! పైవాళ్ళు నన్ను అడుగుతున్నారు. దేశానికి బూజు పట్టిందని పేపర్లవాళ్ళు రాస్తే?”

“పెరగలేదు సార్. పోయేవాళ్ళు అప్పుడూ పోయారు. ఇప్పుడు రాస్తున్నారు, అంతే.”

“అయితే పాత లెక్కలు తప్పంటారా?”

“తప్పేనంటాను.”

“ఆ ముక్క మాత్రం ఎక్కడా అనకండి” అన్నాడాయన, తలుపు వంక చూస్తూ.

గంటసేపు వాదించుకున్నారు. ఆ ఏడాది లెక్కల పుస్తకం అచ్చయ్యేటప్పుడు పేజీ అడుగున, చీమతల కంటే చిన్న అక్షరాల్లో ఒక వాక్యం పడింది: ‘నమోదు మెరుగుపడటం వల్ల ఈ సంఖ్యలో మార్పు కనిపించవచ్చు.’ పిన్ని ఆ పేజీని బాబాయి ముందు పడేసి, “నా జీవితం మొత్తానికి ఇదీ మిగిలింది. చదవాలంటే నీ భూతద్దం కావాలి” అంది. బాబాయి నిజంగానే భూతద్దం తెచ్చి చదివాడు. ఈసారి నవ్వలేదు.

మరుసటి ఏడు ఆ ఆస్పత్రికి రక్తపరీక్ష వచ్చింది. లెక్క పుణ్యమో, ఇంకేదైనా పుణ్యమో ఎవరూ చెప్పలేదు. డాక్టరు ఫోన్ చేసి, ఒక లారీ డ్రైవరుకు జబ్బు ముదరక ముందే తేలిందనీ, మందు పనిచేస్తోందనీ చెప్పాడు.

ఆ సంగతి చెబుదామని పిన్ని తోడికోడలి ఇంటికి బయలుదేరింది. నేనూ వెంట వెళ్ళాను. వెళ్ళేసరికి ఆమె వరండాలో ఒక బీరువాతో కుస్తీ పడుతోంది. మరిది సగం చేసి వదిలేస్తే ఇన్నాళ్ళకు వేరే వడ్రంగి పూర్తిచేశాడు. కొన్నవాళ్ళు వ్యాను తెచ్చి బయట హారన్ మోగిస్తున్నారు. పిన్ని డ్రైవరు సంగతంతా చెప్పింది. తోడికోడలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ విని, “ఆ డ్రైవరెవరో బతికాడు, మంచిదే. నాకేమొచ్చిందక్కా?” అంది.

బయట మళ్ళీ హారన్ మోగింది.

“ఊరికే నిలబడతావేం, ఆ మూల పట్టు” అంది తోడికోడలు. “పైకెత్తు. ఇంకాస్త. తలుపు గీసుకుంటుందక్కా, చూసుకో!”

“చూస్తూనే ఉన్నానే తల్లీ!” అని విసుక్కుంటూ పిన్ని బరువంతా తనవైపుకు తీసుకుంది.