నర్సు మామ్మగారు దాచిన సంగతి

నర్సు మామ్మగారు పోయారని మా పటమటలో పాలు పోసే ఆవిడ చెప్పింది. చెంబులోకి పాలు ఒంపుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "తెల్లారగట్ల పోయారంటమ్మా. చుట్ట ముట్టని మనిషి, ఆకూవక్కా ఎరగని మనిషి. ఆవిడకే కేన్సరొచ్చిందంటే ఇంక మనమెంత?"

సాయంత్రం సమాధుల దొడ్లో అదే మాట ఇంకో ఇద్దరి నోట విన్నాను. మూడోరోజుకి ఆ మాట బస్సెక్కి, ఉయ్యూరు దాటి, కాలవగట్టు మీదున్న మా అమ్మమ్మ ఊరు చేరింది. చేరేసరికి దానికి తోక మొలిచింది. "చుట్ట మానెయ్యండి మానెయ్యండి అని చెప్పిన మనిషే పోయింది, ఇంక మానేసి ఏం బావుకున్నట్టు?" నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం ఆ తోకే. ఆవిడ మీద ప్రేమ కూడా కారణమే గానీ, ప్రేమ అయితే కొన్నాళ్లు ఆగగలిగేది.

ఆవిడ మా పక్క పెంకుటింట్లో ఉండేవారు. పుట్టింది మైలవరం వైపు. మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను బి.ఎస్సీ. ప్యాసై, ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, పొద్దున టైపు నేర్చుకుంటూ, సాయంత్రం ఎవరో వచ్చి చూసి వెళ్తుంటే కాఫీలు అందిస్తూ, మిగిలిన వేళంతా ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటూ ఉన్న రోజులవి. ఓ రోజు పిట్టగోడ మీంచి అడిగారు.

"ఏమ్మాయ్, ఆదివారం మధ్యాహ్నం ఖాళీయేనా?"

"నాకు వారం అంతా ఖాళీయేనండీ."

"అయితే నాతో రా. టార్చిలైటు పట్టుకునే మనిషి కావాలి. కప్ప నోరు తెరిచి చూసి పరీక్ష ప్యాసయ్యావు, మనిషి నోరు చూడలేవా?"

అలా మొదలైంది. చర్చి నుంచి వచ్చి, రెండు ముద్దలు తిని, చేతిసంచీలో టార్చిలైటు, రెండు చెంచాలు, సీసాలో మందునీళ్లు పెట్టుకుని బస్సెక్కేవారు. ఆవిడకి జీతం లేదు, పంపినవాళ్లు లేరు. పైగా అవి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజులు. నర్సు అని తెలిస్తే చాలు, జనం దొడ్డిదారిన జారుకునేవారు. మొదటిసారి మా అమ్మమ్మ ఊళ్లో దిగినప్పుడు ఒకాయన ఎదురొచ్చి, "ఈ ఊళ్లో అందరికీ అయిపోయినయ్యండీ" అన్నాడు. మామ్మగారు, "నాకు కావాల్సింది ఆడాళ్ల నోళ్లు. అవి ఎవరి వల్లా అయిపోవు లెండి" అన్నారు. ఆయన నవ్వి దారి ఇచ్చాడు.

అడ్డపొగ సంగతి పట్నం పాఠకులకి తెలియకపోవచ్చు. మా వైపు పొలం పనులకి వెళ్లే పెద్దవయసు ఆడవాళ్లు కొందరు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. చూసేవాళ్లకి బుగ్గలు లోపలికి పోవడం కనిపిస్తుంది, నిప్పు కనిపించదు. నాట్లు వేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, గాలికి ఆరదు, వానకి తడవదు, మగవాళ్ల కంట పడదు. ఇన్ని సౌకర్యాలున్న అలవాటుకి అంగిలి బలి. పైకప్పు తెల్లగా మారుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరికి అక్కడితో ఆగుతుంది. కొందరికి పుండై, మానక, ముదురుతుంది.

నేను వెళ్లిన రెండో ఆదివారమే నా చదువు చూపించాను. ఒకామె అంగిలి మీద వెలుగు వేసి పట్టుకుని ఉన్నాను. ఆ తెలుపు చూసి ఆగలేక, "ఇలాగే తాగితే కేన్సరొచ్చి చచ్చిపోతారు, తెలుసా?" అనేశాను. ఆమె టక్కున నోరు మూసుకుంది. మరుసటి వారం వెళ్తే ఊళ్లో అడ్డపొగ తాగే మనిషి ఒక్కరూ లేరు. "మేం మానేశామండీ." "ఎప్పుడో మానేశామండీ." ప్రతి గుమ్మంలోనూ అదే జవాబు. ప్రతి దడి వెనక నుంచీ పొగాకు వాసన.

కాలవగట్టు మీద తిరిగొస్తుంటే మామ్మగారు అన్నారు: "నేను ఏడాదిగా ఊళ్లు తిరిగినా ఇద్దరు కూడా మానలేదు. నువ్వు వారంలో ఊరు ఊరంతా మాన్పించావు. గట్టిదానివే."

నేను తల వంచుకున్నాను.

"భయపెడితే దాచుకుంటారమ్మాయ్. దాచుకున్నది పెరుగుద్ది. అది నోట్లో అయినా, ఇంకెక్కడైనా."

ఆవిడ పద్ధతి వేరు. ఎత్తగానే మానెయ్యమని ఎవరికీ చెప్పేవారు కాదు. "మానొద్దు. నిప్పు ఇవతలికి తిప్పు, అంతే" అనేవారు. తిప్పి పీలిస్తే వాళ్లకి రుచించదు. రుచించనిది తగ్గుతుంది. తగ్గినదాన్ని పట్టుకుని ఇంకో మెట్టు దింపేవారు. మధ్యలో తిండి మాటలు. నోరు మండుతోందని కూరలు మానేసి గంజి, పాత పచ్చడి, ఎండుచేపతో రోజులు వెళ్లదీసే ముసలివాళ్లని కూర్చోబెట్టి, ములగాకు ఉడికించి మెత్తగా ఎనిపి పెట్టమని కోడళ్లకి చెప్పేవారు. ఒంట్లో పస ఉంటేనే పుండు మానుతుంది అనేవారు.

మా అమ్మమ్మ ఆవిడకి నాలుగు వారాలు దొరకలేదు. మేం వీధి గుమ్మంలోకి వస్తే అమ్మమ్మ గడ్డివామి వైపు వెళ్లేది. అయిదో వారం మామ్మగారు తిన్నగా గడ్డివామి దగ్గరికే వెళ్లి కూర్చున్నారు.

"మా అమ్మ అడ్డపొగే తాగింది. ఎనభై ఏళ్లు బతికింది" అంది అమ్మమ్మ, పలకరింపు కూడా లేకుండా.

"మా మేనమామకి ఈత రాదు. రెండుసార్లు కాలవలో పడ్డాడు, రెండుసార్లూ బతికాడు. అందుకని నీ మనవరాల్ని తోసేద్దామా వదినా?"

"అంటే తాగేవాళ్లందరికీ వచ్చేస్తుందంటారు."

"అనను. తాగని వాళ్లకంటే తాగేవాళ్లలో ఎక్కువమందికి వస్తుంది. అది నా కళ్లతో చూశాను. నీకొస్తుందా రాదా అని చెప్పడానికి నేనేం సోది చెప్పేదాన్ని కాదు. నోరు చూపిస్తే ఉన్నది చెబుతాను."

అమ్మమ్మ నోరు తెరిచింది. పెచ్చులూడిన సున్నపు గోడలా ఉంది లోపల. బెజవాడ తీసుకొచ్చి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించాం. ఇంకా చెడలేదన్నారు, ఇక్కడితో ఆపాలన్నారు. అమ్మమ్మ నిప్పు తిప్పింది. "గడ్డి కాలుస్తున్నట్టుంది" అని మామ్మగారిని ఆర్నెల్లు తిట్టింది. ఏడాదికి మొత్తం మానేసింది. తెలుపు చాలావరకు పోయింది.

ఈ మధ్యలో మా అత్తయ్య, అమ్మమ్మకి కంచం, గ్లాసు వేరుపెట్టేసింది. ఆవిడ చెడ్డది కాదు, చంటిపిల్లలున్న ఇల్లని భయం. మామ్మగారు చూశారు. ఏమీ అనకుండా ఆ గ్లాసుతోనే మంచినీళ్లు అడిగి తాగారు. తర్వాత నిదానంగా చెప్పారు. "ఇది ఎంగిలితో అంటుకునేది కాదమ్మా. ఆడవాళ్లకి లోపల, గర్భసంచిలో వచ్చేదానికి ఏదో క్రిమి కూడా కారణమేమోనని డాక్టర్లకి అనుమానం ఉంది. ఇంకా తేలలేదు. తేలినా అది నీ కంచంలోంచి రాదు. చిన్నతనంలో పెళ్లిళ్లు, వరసబెట్టి కాన్పులు, శుభ్రం లేకపోవడం, ఏదన్నా అయితే మూసిపెట్టుకోవడం, వాటి సంగతి చూడు ముందు." అప్పటి నుంచి అంగిలి చూశాక ఆ ప్రశ్న కూడా అడగడం మొదలుపెట్టారు. తెల్లబట్ట అవుతోందా, ముట్లుడిగాక మళ్లీ ఏమైనా కనిపించిందా అని. ఆ ప్రశ్నకి మాత్రం ఎవరూ నిజం చెప్పేవారు కాదు.

కిందటి ఏడు ఎప్పుడో ఆవిడ తెల్లచీరలు మానేసి ముదురు రంగులు కట్టడం మొదలుపెట్టారు. జీవితమంతా తెలుపు కట్టిన మనిషి. నేను, మా ఇంట్లో గూఢచారి అని పేరున్నదాన్ని, "బాగున్నాయి మామ్మగారూ, వయసు తగ్గింది" అన్నాను. గట్టు మీద మధ్యలో కూర్చోవడం మొదలుపెడితే మోకాళ్లనుకున్నాను. పది నెలలకి ఒక మధ్యాహ్నం నూతి దగ్గర పడిపోయారు. ఆసుపత్రిలో గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సరన్నారు. బాగా పాకిందన్నారు. గుంటూరు తీసుకెళ్లి రేడియేషన్ కరెంటు పెట్టించారు. అప్పటికే ఆలస్యమైంది.

ఇంటికి తెచ్చాక రోజూ వెళ్లి కూర్చునేదాన్ని. ఒకరోజు ఆవిడే ఆ మాట ఎత్తారు.

"ముట్లుడిగిన పన్నెండేళ్లకి రక్తం కనిపిస్తే ఏమిటో నాకు తెలియదా? ఇంకో ఆడదయితే జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లేదాన్ని."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"సిగ్గేసింది. నేను చేయి అందించిన డాక్టరమ్మ ముందు నేనే బల్ల ఎక్కాలంటే సిగ్గేసింది. విధవని, ముసలిదాన్ని, ఇదేం రోగం అనుకుంటారేమోనని. సిగ్గుకి చదువు అడ్డు రాదమ్మాయ్. పదమూడో ఏట పెళ్లి, ఇరవై నాలుగు నిండేలోపు అయిదు కాన్పులు. ఊళ్లో అందరికంటే ముందు నేను చూపించుకోవాల్సింది."

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నేను పోయాక, ఏమీ ముట్టని మనిషికి వచ్చిందంటారు చూడు. అననీకు. రోగం ఒకటి కాదు, చుట్టతో వచ్చేది వేరు, ఇది వేరు అని చెప్పు. మొదట్లో చూపిస్తే నయమయ్యేదే, దాచింది, అందుకే పోయింది అని చెప్పు."

"మీ అబ్బాయిగారు ఒప్పుకోవద్దాండీ?"

"వాడికి చెప్పాను. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు సరేనన్నాడు."

అందుకని రాస్తున్నాను. చనిపోయిన పెద్దావిడ గురించి ఇలాంటి మాటలు అచ్చులో పెడతారా అని అడిగేవాళ్లకి ఇదే నా జవాబు.

ఆవిడ పోయిన నాలుగో రోజు అమ్మమ్మ ఊరు వెళ్లాను. అమ్మమ్మ అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పొగ బయటికి సరిగా రావడం లేదు. పక్కన మరో ముగ్గురు ఆడవాళ్లు.

"తియ్యి అమ్మమ్మా."

చుట్ట తీయకుండానే తల అడ్డంగా ఊపింది. పక్కనామె అందుకుంది. "ఆవిడకే దిక్కులేకపోయె. తాగినా పోవడమే, తాగకపోయినా పోవడమే. ఈ ముసలిదాన్ని ఇంకా ఎందుకు ఉసురు పెడతావమ్మా?"

అప్పుడు చెప్పాను. ఆవిడ ఎలా చెప్పమన్నారో అలాగే, ముదురు రంగు చీరల దగ్గర్నుంచి. భయపెట్టకుండా చెప్పడం నాకు అంతకుముందు చేతకాలేదు. ఆ రోజు నాకే ఏడుపొస్తోంది, ఇంక ఎవర్ని భయపెడతాను?

"అబ్బ, పోయినామె గుట్టు ఇలా బజార్న పెడతారా" అంది పక్కనామె.

"ఆవిడే పెట్టమన్నారు."

అమ్మమ్మ చుట్ట తీసి, అరుగు రాతికేసి నలిపింది. పుక్కిలించి వచ్చి కూర్చుంది.

"ఎన్నాళ్లు దాచింది?"

"పది నెలలు."

అమ్మమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "నాకు కోతలప్పుడు కనపడటం మొదలైంది" అంది. "ఈ పెద్దతనంలో ఏం చెబుతాంలే అని ఊరుకున్నా. ఆవిడ అడిగినప్పుడు కూడా లేదనే చెప్పా."

మంగళవారం ఉదయం బస్సులో అమ్మమ్మ, ఆ ముగ్గురు, నేను. ఆసుపత్రిలో లేడీ డాక్టరు నలుగురినీ చూసి, లోపల్నుంచి తీసినది గాజుపలకల మీద పూసి పరీక్షకి పంపించింది. ఇది రాసేనాటికి ఇంకా జవాబులు రాలేదు. ఏం వచ్చినా, ఈసారి ఎవరూ పడిపోయేదాకా దాచలేదు. వచ్చే ఆదివారం పక్క ఊరు వెళ్తున్నాను. టైపు పరీక్ష ఎగ్గొట్టి వెళ్తున్నానని మా నాన్నకి ఇంకా చెప్పలేదు. ఆయన ఇది చదివి తెలుసుకుంటారు.

ఆ మంగళవారం కండక్టరు చెవి మీద పెన్సిలు తీసి, "ఏంటి మామ్మలూ, దండు కదిలింది. మార్నింగ్ షోకా?" అన్నాడు.

"గవర్నర్‌పేటలో చీరలు చూడాలి" అంది ఒకామె. "మా అమ్మాయింటికి" అంది ఇంకొకామె. మూడో ఆమె కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది.

"నేను గర్భసంచి పరీక్షకి పోతున్నా నాయనా" అంది మా అమ్మమ్మ, బస్సులో వెనక సీటుదాకా వినపడేలా.

కండక్టరు ఎటు చూడాలో తెలియక టికెట్లు చించుతూ ఉండిపోయాడు. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్లు తలలు తిప్పి, మళ్లీ అంతే వేగంగా తిప్పేసుకున్నారు. కాస్త ఆగి, చీరలన్నామె గొంతు తగ్గించి, "నాదీ దానికే" అంది. బస్సు కాలవ వంపు తిరిగింది. అమ్మమ్మ కిటికీ రెక్క పైకి లేపి, ఎదురుగాలిలో నోరు కొంచెం తెరిచి కూర్చుంది, చల్లగా ఉందేమో, బెజవాడ వచ్చేదాకా మూయలేదు.