ఒక్క చుక్క వేసి కొల్లేరు వెళ్ళిన వైనం

ఉదయం ఏడుంబావు ప్యాసింజరు తాడేపల్లిగూడెంలో ఎక్కాను. ఎందుకెక్కానో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇది మీకు విహారయాత్రలా కనిపించే ప్రమాదముంది. కొల్లేటి లంకల్లో ఒకచోట, నేను ఎన్నడూ చూడని ఒకావిడ బతికుందో లేదో తెలుసుకోవడానికి బయల్దేరాను.

గూడెంలో నాకు స్టీలు సామాన్ల కొట్టుంది. అమ్మేది స్టీలే గానీ గుండె మాత్రం సత్తుది. మధ్యాహ్నం బేరాలుండని వేళ గల్లాపెట్టె వెనక కూర్చుని కొరియా, చైనా డ్రామాలు చూస్తాను. నాలాంటివాళ్ళం ముప్పైమందికి పైగా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో మాకొక ఆచారం ఉంది. చివరి భాగం అందరికంటే ముందు చూసినవారు దానికి ఐదు చుక్కల్లో ఎన్ని ఇచ్చారో ప్రకటిస్తారు. మిగతావాళ్ళు చూడటం పూర్తయ్యాక, తొందరపడేవాళ్ళు పూర్తికాకముందే, అదే లెక్కన నొక్కేస్తారు. దీన్ని ‘మొదటి చుక్క’ అంటాం. బేరాలు తక్కువ కాబట్టి మొదటి చుక్క ఎప్పుడూ నాదే. గ్రూపులో నా పేరు గూడెం చుక్కల రాయుడు.

ఆ డ్రామాలకు తెర కింద తెలుగు అక్షరాలు వేసేవాళ్ళు ఎక్కడో ఇళ్ళలో కూర్చుని, పైసా తీసుకోకుండా, ఇష్టంకొద్దీ చేస్తారు. వాళ్ళలో మా గ్రూపులోనే ఉండే ఒకావిడ ‘కొల్లేటి కొంగ’ అని పెట్టుకుంది. అసలు పేరు ఎవరికీ తెలియదు. తమ లంక పేరు మాత్రం ఒకసారి మాటల్లో చెప్పింది. “ఈ పని లేకపోతే నాకు రోజు గడవదండీ” అని కూడా ఒకసారి రాసింది.

మూడు వారాల కిందట ఒక చైనా డ్రామా ముగిసింది. నలభై భాగాలు ఓపిగ్గా చూస్తే చివర్లో హీరోని చంపేశారు. ఒళ్ళు మండి, భాగం అయిపోగానే కింద కనిపించిన చుక్కల్లో ఒక్కటే నొక్కాను. గ్రూపులో ప్రకటించాను. ముప్పైమందీ నొక్కారు. పైగా నేను చమత్కారమనుకుని ఇంకో ముక్క రాశాను: “కొంగగారూ, ఇలాంటి ముగింపు మాకు తెలుగులో చూపించినందుకు మీ లంకకి పడవ కట్టుకుని వస్తాం, కాచుకోండి.”

ఆవిడ “క్షమించండి” అని ఒక్కమాట రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఫోన్ చేస్తే ఆ నంబరు లేదంటోంది. చేసిన సబ్‌టైటిళ్ళన్నీ మాయమయ్యాయి. ఆవిడెందుకు క్షమాపణ చెప్పాలో నాకు అర్థం కాలేదు. రోజు గడవదన్న మాట మాత్రం భోజనం దగ్గరా, కొట్టులోనూ గుర్తొస్తూ నాకు రోజు గడవనివ్వలేదు.

మా ఆవిడ జయ ఒప్పుకోవడానికి ముందు ఒక చురక వేసింది. “ఇన్నేళ్ళలో నేను పుట్టింటికి వెళ్తే రైలెక్కి వచ్చారా ఎప్పుడైనా? ఎవరో కొంగ కోసం వెళ్తున్నారు.” తరవాత నా మొహం చూసి, “వెళ్ళి రండి. ఊరికే ఉంటే మీకే ఏదో అయ్యేలా ఉంది” అంది.

ఉంగుటూరులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. ఏలూరులో చదువుతున్నారట. వాళ్ళలో సింధు అనే అమ్మాయి ఫోనులో నేను ఒక్క చుక్క వేసిన డ్రామానే, ఇంగ్లీషు అక్షరాలతో, నడుస్తోంది.

“పదికి తొమ్మిది రేటింగ్ ఉందని చూశానే, ఏముంది ఇందులో? సాగదీత” అంది పక్కమ్మాయి.

“తొమ్మిదంటే అభిమానులు గుద్దిందేనే. ఏడున్నర ఉన్నవాటినే నమ్మాలి” అంది సింధు.

“మరి ఒకటి వేసినవాళ్ళు?”

“వాళ్ళు హీరో చచ్చిపోయాడని ఏడ్చినవాళ్ళు. ముగింపు నచ్చకపోతే మొత్తానికి మార్కులు తీసేస్తారా? పరీక్షలో ఆఖరి ప్రశ్న తప్పితే సున్నా వేస్తే మనం ఊరుకుంటామా?”

తగుదునమ్మా అని కల్పించుకుని, “నేను వేశానమ్మా ఒకటి” అని నా ఫోను చూపించాను.

సింధు అది తీసుకుని చూసింది. రెండోసారి చూసింది. “అయ్యో, ఎక్కడ నొక్కారండీ? చివర్లో వీడియో కింద వచ్చే చుక్కలు డ్రామాకి కాదండీ. సబ్‌టైటిళ్ళు చేసినవాళ్ళకి. డ్రామా రేటింగ్ వేరే పేజీలో ఉంటుంది.”

“అందరూ ఇక్కడే నొక్కితే?”

“మార్కు బాగా పడిపోతే ఆ సైటువాళ్ళు వీళ్ళ ఖాతా మూసేస్తారండీ. చేసినవన్నీ పోతాయి.”

పుల్ల స్టేషన్ ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. భీమడోలులో ద్వారకా తిరుమల వెళ్ళే జనం గోలగోలగా దిగుతుంటే ఈ లోకంలోకి వచ్చాను. దిగబోతున్న ఒక పెద్దావిడ, “ఒంట్లో బాలేదా బాబూ? చెమటలు పట్టేశాయి. కొండకి వస్తారేంటి, స్వామి చూసుకుంటాడు” అంది. వెళ్ళిపోదామనే అనిపించింది. మొక్కుకుని వెనక్కి తిరగడం ముందుకెళ్ళి చూడటం కంటే తేలిక. కానీ కదల్లేదు. ధైర్యంతో కాదు, కాళ్ళు రాక.

ఏలూరు చేరేసరికి ఎనిమిదిన్నర. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట: స్టేషన్ నుంచి పాత బస్టాండుకి షేర్ ఆటో దొరుకుతుంది, బస్టాండు ఎదురు హోటల్లో పెసరట్టు బాగుంటుందంటారు. నేనూ తెప్పించుకున్నాను గానీ రుచి చెప్పలేను. రెండు ముక్కలు తిని లేచిపోయాను. తొమ్మిదింటి కైకలూరు పల్లెవెలుగులో కిటికీ పక్కన సీటు దొరికింది.

ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా నీళ్ళే. మామూలు రోజైతే గుర్రపుడెక్క పూలనీ, గట్లమీద బారుగా నిలబడ్డ గూడబాతుల్నీ వర్ణించేవాణ్ణి. ఆవేళ నాకు నీళ్ళు లోతుగా కనిపించాయి, అంతే. ఒకచోట చేపల చెరువు చుట్టూ జనం మూగి, నడుంలోతు నీళ్ళలో మగవాళ్ళు వల లాగుతున్నారు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

“ఏం లాగుతున్నారండీ?” అని కండక్టర్ని అడిగాను.

“చేపలండీ. ఇంకేం లాగుతారు?” అని టికెట్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

పదింటికి ఒక గట్టు దగ్గర దిగాను. లంక పేరు ఇక్కడ రాయడం లేదు, అక్కడి మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. గట్టుమీద ఇరవై నిమిషాలు నడిస్తే కాలవ, అవతల లంక. దాటించడానికి ఒక దోనె ఉంది. దోనెవాడు నా వయసువాడే. గెడ వేస్తూ మర్యాదగా అడిగాడు.

“ఎవరింటికండీ?”

పేరు తెలియకుండా బయల్దేరిన తెలివి అప్పుడు బయటపడింది. “పరాయి దేశం సీరియళ్ళకి తెలుగు రాస్తారే, ఆ అమ్మాయి...”

గెడ ఆగింది. కాలవ మధ్యలో దోనె కూడా ఆగింది.

“తమరిదేవూరండీ?”

“గూడెం.”

అతను రొంటిన ఉన్న ఫోను తీసి, నావైపు వీపు పెట్టి మాట్లాడాడు. “వచ్చాడు. ఒక్కడే. ఆఁ, గూడెమే.” మళ్ళీ గెడ అందుకున్నాడు. నాకు ఈత రాదు. రాదని అతనికి తెలియకుండా ఉండాలని, ఈతగాళ్ళు ఎలా కూర్చుంటారో అలా కూర్చోవడానికి ప్రయత్నించాను.

ఒడ్డున నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురి మోకాళ్ళ దాకా బురద. వాళ్ళలో పెద్దతను చెయ్యిచ్చి దింపాడు, ఆ చెయ్యి వదల్లేదు.

“చుక్కలాయన తమరేనాండీ?”

“నేనేనండీ.”

“కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. తాగాక కాళ్ళు విరగ్గొడతామండీ.”

ఇంత మర్యాదగా నన్ను ఎవరూ భయపెట్టలేదు. మా గోదావరి జిల్లాల్లో ‘అండీ’ ఎందులోంచి జారిపోతుందో గానీ బెదిరింపులోంచి మాత్రం జారదు. అడగాల్సిన ఒక్క ప్రశ్నా అడిగాను. “ఆవిడ... ఉన్నారాండీ?”

“ఉందా అంటే? చంపేశాననుకుని చూడ్డానికొచ్చారా?”

“అవునండీ” అన్నాను.

అతను చెయ్యి వదిలేశాడు. చేపల మేత బస్తాల షెడ్డు పక్కనున్న ఇంటివైపు తిరిగి, “లక్ష్మీ, బయటికి రా. ఇతనేం చెయ్యలేడు, వణికిపోతున్నాడు” అని కేకేశాడు. అతను ఆమెకు అన్నయ్య.

మూసిన కిటికీ రెక్క ముందు సందంత తెరుచుకుంది. తరవాత తలుపు. ముప్పై దాటిన మనిషి, చేతిలో పెన్ను. ఆమెను చూడగానే అరుగుమీద కూలబడ్డాను. నేను భయపడుతూ వచ్చిన మూడు వారాలూ ఆమె నేను వస్తానని భయపడుతూ ఉంది. పడవ కట్టుకుని వస్తాం, కాచుకోండి అన్నాను కదా. నిజంగానే కాచుకుంది. ముప్పైమంది ఒకేసారి ఒక్క చుక్క నొక్కడం, ఆ వెంటనే ఊరికి వస్తామన్న మాట. రెండూ కలిపి చూస్తే ఎవరికైనా అది చమత్కారంలా ఉండదు. అన్నయ్య సిమ్ మార్చేశాడట. ఆమె షెడ్డు దాకా కూడా ఒంటరిగా వెళ్ళడం మానేసిందట.

జరిగింది చెప్పాను. తప్పుచోట నొక్కానని చెప్పాను.

“మీరు వేసినందుక్కాదండీ,” అంది లక్ష్మి. “ఏ మాట తప్పో ఒక్కరైనా చెప్తారు, దిద్దుకుందామని చూశాను. ఎవరూ చెప్పలేదు. నలభై భాగాలూ మొదట్నుంచీ మళ్ళీ చదివానండీ, తప్పు దొరుకుతుందేమోనని.”

“ఒక్క తప్పూ లేదమ్మా. హీరో చచ్చిపోయాడని నొక్కాను.”

అన్నయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. ఆమె నవ్వలేదు.

లోపల నులకమంచం మీద వాళ్ళ అక్క పద్మ కూర్చుని ఉంది. ఆమెకు పుట్టుచెవుడు, మాట కూడా రాదు. చదవడం వచ్చు. మన తెలుగు సీరియళ్ళలో మాట వినిపిస్తుంది గానీ కనిపించదు. అందుకని అక్క చదువుకునేందుకు లక్ష్మి ఈ పరాయి డ్రామాలకు తెలుగు రాయడం మొదలుపెట్టింది. తరవాతే మాలాంటి పరాయివాళ్ళం చేరాం. ఖాతా పోయాక ఇప్పుడు నోటుపుస్తకంలో రాస్తోంది. అక్క ఒక వాక్యం చదివి, తెరవైపు చూసి, మళ్ళీ పుస్తకంలోకి వంగుతుంది. అప్పటికి తెరమీద మనిషి నాలుగు మాటలు దాటిపోతాడు. చెల్లెలు ఆపుతుంది, వెనక్కి జరుపుతుంది, మళ్ళీ నడుపుతుంది.

నేనెవరో లక్ష్మి సైగల్లో చెప్పింది. పద్మ పెన్ను తీసుకుని పుస్తకం చివర రాసి నాకిచ్చింది. ‘ఆ డ్రామా చివర చాలా బాగుంది. ఆఖరి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. నేను ఏదీ చదవక్కర్లేదు. అందరూ చూసినట్టే చూశాను.’

ఆ పది నిమిషాలే నాకు ఒళ్ళు మండించినవి.

పన్నెండున్నరకు భోజనం పెట్టారు. చుట్టూ అంత చేపల సంత ఉండగా నేను శాకాహారినని చెప్పడానికి సిగ్గుపడ్డాను. పెరుగన్నం, మాగాయ వడ్డించి అన్నయ్య పక్కనే కూర్చున్నాడు. ఇక కాళ్ళ ప్రస్తావన తేలేదు.

బయల్దేరేముందు లక్ష్మిని మళ్ళీ గ్రూపులోకి రమ్మని అడిగాను. గ్రూపులో అందరికీ నిజం చెప్తానని, కొత్త ఖాతా తెరిస్తే అందరం వచ్చి చెయ్యగలిగింది చేస్తామని.

“రానండీ,” అంది. “మీరు మంచివారే. మంచివాళ్ళు ముప్పైమంది ఒకేసారి నొక్కితేనే ఇలా అయ్యింది. నాకు భయమేస్తుందండీ. నేనిక్కడున్నానని కూడా ఎవరికీ చెప్పకండి.”

చెప్పనని మాటిచ్చాను.

దోనె, గట్టు, బస్సు. ఏలూరులో సాయంత్రం నాలుగున్నర ప్యాసింజరు దొరికింది, కూర్చోడానికి చోటు కూడా. కొల్లేరు చూడాలనుకునేవాళ్ళు చలికాలం వెళ్ళండి, పక్షులుంటాయి. ఏలూరు నుంచి బస్సులకు లోటు లేదు. తెలియని ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ముందు మీరెవరో చెప్పుకుని, రమ్మంటేనే వెళ్ళండి.

దెందులూరు దాటాక గ్రూపులో జరిగింది రాశాను, ఊరూ పేరూ లేకుండా. జవాబులు వరసగా వచ్చాయి. “అయ్యో.” “మాకేం తెలుసు సార్, మీరు వేశారని వేశాం.” “నేనైతే ఆ డ్రామా చూడనే లేదండీ.” చివరిది చదివి ఫోను పక్కన పెట్టబోయాను. అప్పుడు తట్టింది. తప్పుచోట నొక్కడం నాకు ఆవేళే మొదలు కాదు. నాలుగేళ్ళుగా నేను నొక్కినవన్నీ అక్కడే.

నా ఖాతాలో పాత చుక్కల జాబితా తెరిచాను. ఒక్క చుక్క వేసినవాటినే వేరుచేశాను. ఒక్కో డ్రామా పక్కన, నేనెప్పుడూ చదవని చిన్న అక్షరాల్లో, తెలుగు చేసినవారి పేరుంది. మొదటిదాని మీద వేలు పెట్టాను. నిన్ననే కొత్త భాగం పెట్టారు. ఊపిరి పీల్చుకున్నాను. రెండోదాని మీద పెట్టాను. ‘ఈ ఖాతా ఇప్పుడు లేదు’ అని వచ్చింది. మూడోదీ అంతే. నాలుగోదానికి నెట్ అందక తెర తెల్లగా ఉండిపోయింది. చేబ్రోలు దాకా ఆ తెల్లతెరనే పట్టుకుని కూర్చున్నాను.

గూడెంలో దిగాను. ఇంటికి వెళ్ళే ఆటో పిలుస్తోంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నాను. ఇంకా పదకొండు పేర్లున్నాయి.